నాలుగు గదుల ఆర్గన్ బాత్ సెట్: రక్తనాళపు రింగును వేలాడదీస్తే తేలే సంగతులు

అంబాలా నుంచి పార్సిల్‌లో వచ్చే నాలుగు గదుల ఆర్గన్ బాత్ సెట్ మీద ఈ సమీక్ష. జంతువు నుంచి తీసిన కండరపు ముక్కను వెచ్చటి ద్రావణంలో వేలాడదీసి, మందు వేస్తే అది ఎంత బిగుస్తుందో, ఎంత సడలుతుందో కొలిచే గాజు పాత్రే ఆర్గన్ బాత్. తిరుపతిలో ఫార్మసీ, మెడికల్, వెటర్నరీ చదువులు మూడూ ఉన్నాయి, ఫార్మకాలజీ ల్యాబ్ అన్నాక ఇలాంటి సెట్ ఒకటి ఉండాల్సిందే. బ్రాండు పేరు రాయడం లేదు. ఒకే డిజైన్ మీద రకరకాల స్టిక్కర్లు అంటించి అమ్ముతున్నారు, లోపలి గాజూ స్టాండూ ఒకటే. తీర్పు ముందే చెప్పేస్తాం: పేగు ముక్క వేలాడదీసి విద్యార్థులకు చూపించడానికి భేష్. రక్తనాళపు రింగుకు కొన్ని మార్పులు చేసుకుంటే పనికొస్తుంది. ఆ కండరం ఏం తిని పనిచేస్తోందో, అంటే దాని జీవక్రియను కొలవాలంటే మాత్రం ఇది చాలదు. ఐదుకు మూడు మార్కులు.

పెట్టెలో వచ్చేవి: చుట్టూ వేడినీళ్లు తిరిగే జాకెట్ ఉన్న గాజు బాత్‌లు నాలుగు, వేడినీళ్లు తిప్పే సర్క్యులేటర్ ఒకటి, కండరం లాగే బలాన్ని కరెంటు సంకేతంగా మార్చే ఫోర్స్ ట్రాన్స్‌డ్యూసర్లు నాలుగు, ఆంప్లిఫయరు, కంప్యూటర్లో గీత గీసే సాఫ్ట్‌వేర్, ఎస్ ఆకారపు కొక్కేలు, గాలి బుడగలకు గాజు గొట్టాలు, స్టాండ్లు. వీటితో పాటు ఒక కరపత్రం. దాంట్లో ఉన్నది పేగుకు వాడే టైరోడ్ ద్రావణం ఒక్కటే. రక్తనాళానికి క్రెబ్స్ ద్రావణం కావాలి, దాని కొలతలు కింద ఇచ్చాం.

అమ్మేవాళ్లు అన్నిటికన్నా ముందు చెప్పే గొప్ప, సెకనుకు వెయ్యి రీడింగులు. గుండెకూ అస్థికండరానికీ ఆ వేగం అవసరమే. రక్తనాళపు నునుపు కండరానికి సెకనుకు పది రీడింగులు వచ్చినా ఎక్కువే. ధమనిని బిగించే ఫినైలెఫ్రిన్ అనే మందు వేశాక ఎలుక అయోర్టా (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) రింగు పూర్తిగా బిగుసుకోవడానికి నిమిషాలు పడుతుంది, బిగిశాక గంటల తరబడి అలాగే పట్టుకుని ఉండగలదు. అందుకే ఈ సెట్‌ను వేగం చూసి కాదు, నిలకడ చూసి కొనాలి. మూడు గంటల్లో గీత తనంతట తాను ఎంత జరుగుతుందన్నదే అసలు పరీక్ష.

ఆ పట్టు అంత సేపు ఎలా నిలుస్తుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నామో అర్థమవుతుంది. అస్థికండరంలో బిగింపును మొదలుపెట్టే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ నునుపు కండరంలో లేదు. కణంలోకి వచ్చిన కాల్షియం కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది, ఆ జోడీ మయోసిన్ లైట్ చెయిన్ కైనేజ్ అనే ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము మయోసిన్ చిన్న గొలుసు మీద 19వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అప్పుడు గానీ మయోసిన్ అనే ప్రోటీన్ పోగు ఆక్టిన్ అనే పోగును లాగదు. ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఫాస్ఫటేజ్ వేరే ఉంది. ఫినైలెఫ్రిన్ లాంటి మందులు కాల్షియాన్ని పెంచడంతో ఆగవు, రో కైనేజ్ అనే మరో ఎంజైము ద్వారా ఆ ఫాస్ఫటేజ్‌నూ అణచిపెడతాయి. అందుకే అదే కాల్షియానికి ఎక్కువ బిగింపు వస్తుంది. 1981లో రిచర్డ్ మర్ఫీ బృందం పంది మెడ ధమని మీద గమనించింది ఇంకొకటి: ఫాస్ఫేట్ తగిలిన మయోసిన్ శాతం మొదట ఎగబాకి తర్వాత తగ్గిపోతుంది, బిగింపు మాత్రం తగ్గదు. గడియ పడిన తలుపులా మయోసిన్ ఆక్టిన్‌ను పట్టుకునే ఉంటుంది, నిదానంగా వదులుతుంది, కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చు బాగా తక్కువ. అడ్డుకోత వైశాల్యం లెక్కన అస్థికండరానికి తీసిపోని బలం చూపిస్తూ, ఆ బిగింపును నిలబెట్టడానికి అస్థికండరం ఖర్చులో పదో వంతు నుంచి మూడు వందలో వంతుతోనే సరిపెడుతుంది. ఇలాంటి కండరాన్ని కొలిచే యంత్రం తానే కదులుతూ ఉంటే ఏది కండరం పనో ఏది యంత్రం పనో తేలదు.

ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరికి వద్దాం. ఈ సెట్‌తో మామూలుగా వచ్చేది 500 గ్రాముల రేంజిది. ఆంప్లిఫయరులోని కన్వర్టరు 12 బిట్లది అయితే రేంజి మొత్తం 4096 మెట్లుగా విడిపోతుంది, ఒక్కో మెట్టు 0.12 గ్రాము. ఎలుక అయోర్టా రింగు ఇచ్చే బిగింపు సాధారణంగా ఒకటి నుంచి మూడు గ్రాముల లోపు. అంటే మొత్తం స్పందన పది ఇరవై మెట్లలో అయిపోతుంది, గీత మెట్లమెట్లుగా కనిపిస్తుంది. 25 గ్రాముల ట్రాన్స్‌డ్యూసర్ అడిగితే అదే కన్వర్టరులో మెట్టు 6 మిల్లీగ్రాములకు దిగుతుంది. ఆర్డరు కాగితంలోనే 'రేంజి 0 నుంచి 25 గ్రాములు' అని రాయాలి. తర్వాత మార్చుకోవాలంటే తిరిగి పంపడం, ఎదురు చూడడం, అదంతా పెద్ద తలనొప్పి. 16 బిట్ల ఆంప్లిఫయరు ఇస్తామంటే 500 గ్రాములదైనా లెక్క ప్రకారం మెట్టు 8 మిల్లీగ్రాములు దాటదు, కానీ అంత పెద్ద రేంజిదాంట్లో రొద, డ్రిఫ్టు (గీత తనంతట తాను జరగడం) చిన్న స్పందనను మింగేస్తాయి.

డ్రిఫ్టు పరీక్ష సులువు. కొక్కేనికి 2 గ్రాముల తూకపు రాయి తగిలించి, బాత్‌లో 37 డిగ్రీల నీళ్లు పోసి, బుడగలు వదిలి, మూడు గంటలు అలా వదిలేయాలి. గీత 30 మిల్లీగ్రాముల లోపు కదిలితే ట్రాన్స్‌డ్యూసర్ మంచిది. 100 దాటితే తీసుకోవద్దు. ఆన్ చేసిన మొదటి అరగంట లెక్కలోకి రాదు, ట్రాన్స్‌డ్యూసర్ లోపలి స్ట్రెయిన్ గేజి వేడెక్కి కుదురుకోవడానికి ఆ మాత్రం పడుతుంది. ఏసీ గాలి నేరుగా ట్రాన్స్‌డ్యూసర్ మీదికి తగిలే చోట సెట్ పెడితే ఏసీ కంప్రెసర్ ఆగి మొదలైనప్పుడల్లా గీత అలలా లేచి పడుతుంది. దాన్ని ధమని తనంతట తాను లయగా కొట్టుకుంటోందనుకున్న ప్రాజెక్టు రిపోర్టులూ ఉన్నాయి. ఏసీ సైకిలుకూ అలకూ ఒకే వ్యవధి ఉందేమో గడియారం పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇంకో పెద్ద లోపం స్టాండు. ట్రాన్స్‌డ్యూసర్‌ను పైకీ కిందకీ జరిపే మర వదులు. రింగు 2 గ్రాములతో లాగుతుంటే మర కొద్దికొద్దిగా జారుతుంది, గీత దిగుతుంది, పరీక్షిస్తున్న మందు సడలించిందనిపిస్తుంది. నిజమైన సడలింపా, మర జారిందా అనేది కడిగాక తెలుస్తుంది. కడిగి మళ్లీ అదే మోతాదు ఫినైలెఫ్రిన్ వేస్తే బిగింపు పాత ఎత్తుకు వచ్చి, కడిగాక బేస్ గీత (మందు లేనప్పటి గీత) కూడా పాత చోటికే చేరితే అది మందు పని. బేస్ గీతే కిందికి దిగి అక్కడే ఉండిపోతే మర పని. మైక్రోమీటర్ అమరిక విడిగా కొనుక్కోవడం మేలు. ఈ సెట్‌లో డబ్బు పెట్టి మార్చాల్సింది ఒక్కటే అయితే అది ఇదే.

దారం చిన్న విషయమనుకుంటారు. కరపత్రం నూలు దారం వాడమంటుంది. నూలు తడిసి సాగుతుంది, గంటలో సాగిన సాగుడంతా డ్రిఫ్టుగా కనిపిస్తుంది. ఆసుపత్రుల చుట్టూ ఉన్న మెడికల్ షాపుల్లో దొరికే 4-0 సిల్కు దారం మేలు. కొక్కేలు పేగుకు సరిపోతాయి గానీ ఎలుక అయోర్టాకు లావు. 0.3 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు తీగను త్రికోణంగా వంచి రెండు చేసుకుంటే చాలు. ఒకటి కింద స్థిరంగా ఉండేదానికి, ఒకటి పైన ట్రాన్స్‌డ్యూసర్‌కు. తుప్పు పట్టే మామూలు ఇనుప తీగ వద్దు.

వేడి సంగతి. సర్క్యులేటర్ నీళ్లను నాలుగు జాకెట్ల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా పంపుతుంది. అందువల్ల నాలుగో గదికి చేరేసరికి ఒక డిగ్రీ దాకా తగ్గొచ్చు. నునుపు కండరం వేడికి బాగా స్పందిస్తుంది, కాబట్టి ఆ తేడా నాలుగో రింగు ఫలితంలో దొర్లుతుంది. వై ఆకారపు జాయింట్లతో నీళ్లను నాలుగు పాయలుగా చీల్చి ఒక్కో గదికి విడిగా పంపితే సర్దుకుంటుంది. థర్మామీటరు సర్క్యులేటర్ తొట్టిలో కాదు, బాత్ లోపల పెట్టి 37 చూసుకోవాలి. తొట్టి సెట్టింగ్ 38 దగ్గర ఉంటే చాలాసార్లు లోపల 37 వస్తుంది. తిరుపతి మే నెల ఎండకు మాత్రం ఇది తిరగబడుతుంది. సర్క్యులేటర్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. ఏసీ లేని గదిలో గాలే 37 దాటితే, పంపు వేడి కూడా తోడై బాత్ 38, 39కి పోతుంది. వేసవిలో ఏసీ లేని గదిలో ఈ సెట్ వాడొద్దు. తొట్టిలో బోరు నీళ్లు పోస్తే హీటరు మీద సున్నం పేరుకుంటుంది, డిస్టిల్డ్ వాటరే పోయాలి.

కరెంటు పోతే ఏమవుతుందన్నది ఇక్కడి ప్రశ్న. ఆంప్లిఫయరు, కంప్యూటరు యూపీఎస్ మీద ఉంచాలి. హీటరు ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి దాన్ని చిన్న యూపీఎస్‌కు కలపొద్దు, అన్నీ కలిసి ఆగిపోతాయి. కొద్ది నిమిషాల కోత అయితే రింగు బతికే ఉంటుంది, కానీ ఆ సమయంలో వేసిన మోతాదుల ఫలితం పక్కన పెట్టాల్సిందే.

గ్యాసు దగ్గర చాలామంది అడ్డదారి తొక్కుతారు. క్రెబ్స్ ద్రావణంలోని బైకార్బనేట్‌కు 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన కార్బోజన్ కావాలి. 25 మిల్లీమోలార్ బైకార్బనేట్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిస్తేనే పీహెచ్ 7.4 దగ్గర నిలుస్తుంది. కార్బోజన్ లేదని మెడికల్ ఆక్సిజన్ ఒక్కటే వదిలితే కార్బన్ డయాక్సైడ్ బుడగలతో పాటు ఎగిరిపోయి పీహెచ్ 8 వైపు పోతుంది, కాల్షియం కార్బొనేట్‌గా అడుగుకు దిగుతుంది, ద్రావణం మసకబారుతుంది. చేపల తొట్టి మోటారు పెట్టడం ఇంకా దారుణం, అందులో కార్బన్ డయాక్సైడూ లేదు, ఆక్సిజన్ 21 శాతమే. పేగు ముక్క కాసేపు సర్దుకుంటుంది. మందపాటి ధమని గోడ లోపలి కణాలకు ఊపిరాడదు. కార్బోజన్ దొరకడం కష్టమైతే బైకార్బనేట్ బదులు పీహెచ్‌ను నిలిపే హెపెస్ 10 మిల్లీమోలార్ వేసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4కి తెచ్చి, ఆక్సిజన్ ఒక్కటే వదలొచ్చు. ఆ సంగతి రిపోర్టులో రాయాలి, బైకార్బనేట్ ఫలితాలతో నేరుగా పోల్చకూడదు. ఇంకో చిన్న సంగతి: సిలికాన్ ట్యూబు గోడ గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. అందుకే క్రెబ్స్ వచ్చే ట్యూబు వీలైనంత పొట్టిగా ఉండాలి.

బుడగల గాజు గొట్టం సరిగ్గా రింగు కిందికి వస్తుంది, అది ఈ డిజైన్ లోపం. బుడగ రింగును తట్టినప్పుడల్లా గీత వణుకుతుంది. గొట్టాన్ని గోడ వైపు తిప్పి, బుడగలు చిన్నవిగా, ఆగకుండా వచ్చేలా గ్యాసు తగ్గించాలి. మిగిలిన వణుకుకు సాఫ్ట్‌వేర్‌లో వేగపు కదలికలను తీసేసే 5 హెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్ చాలు.

క్రెబ్స్, హెన్సెలైట్ ఇద్దరూ 1932లో ఇచ్చిన ద్రావణమే కొద్ది మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది. లీటరుకు సోడియం క్లోరైడ్ 6.9 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.35, ఏడు నీటి అణువులున్న మెగ్నీషియం సల్ఫేట్ 0.3, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.16, సోడియం బైకార్బనేట్ 2.1, గ్లూకోజ్ 2 గ్రాములు. ఇవన్నీ 900 మిల్లీలీటర్లలో కరిగించి, పది పదిహేను నిమిషాలు కార్బోజన్ వదిలాక, చివర్లో ఒక మోలార్ కాల్షియం క్లోరైడ్ 2.5 మిల్లీలీటర్లు నెమ్మదిగా కలిపి లీటరుకు నింపాలి. కాల్షియాన్ని ముందే వేస్తే పాలలా విరిగిపోతుంది, ఆ సీసా పారబోయాల్సిందే. సీసా లేబుల్ మీద రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడా, నీరు లేనిదా చూడాలి. మొదటిది మోలుకు 147 గ్రాములు, రెండోది 111. తారుమారైతే కాల్షియం మూడో వంతు పెరుగుతుంది లేదా నాలుగో వంతు తగ్గుతుంది, బిగింపూ దాని వెనకే మారుతుంది. కాల్షియం క్లోరైడ్ పొడి గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి ఒకసారి స్టాక్ ద్రావణం చేసి పెట్టుకోవడమే నయం.

బాత్ మీద 25 మిల్లీలీటర్లని గీత ఉంటుంది, నమ్మొద్దు. కొక్కేలు, బుడగల గొట్టం పెట్టాక సిరంజితో నీళ్లు పోసి కొలవాలి. రెండు మిల్లీలీటర్లు అటుఇటు అయితే ప్రతి మోతాదూ ఎనిమిది శాతం తప్పు. ఖరీదైన మందులతో పనిచేసేవాళ్లు 10 మిల్లీలీటర్ల బాత్ అడగాలి. అందులో కండరాన్ని బిగించే పొటాషియం క్లోరైడ్ 3 మోలార్‌ది 200 మైక్రోలీటర్లు వేస్తే 60 మిల్లీమోలార్ పెరుగుతుంది, లెక్క నోటికి వస్తుంది. డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కరిగించిన మందు 10 మైక్రోలీటర్లకు మించకూడదు, 0.1 శాతం దాటితే ఆ ద్రావకమే ధమనిని సడలించవచ్చు.

ఎలుక అయోర్టా వాడాలంటే 1960 జంతు హింస నివారణ చట్టం కింద ఉన్న నియమాల ప్రకారం సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. విద్యార్థుల ప్రాక్టికల్స్‌కు మేక ధమనులు చాలు. ఎలాగూ మాంసానికి కోసిన మేకే కాబట్టి ఎలుకను చంపే పని లేదు. కానీ తలకాయతో పాటు వచ్చే మెడ ధమని వద్దు, కత్తి పడింది అక్కడే, పైగా తలకాయను కాల్చాక కండరం ఉడికిపోయి ఉంటుంది. "అన్నా, మెడ కోసిన తావు కాదు, ఎదురొమ్ము లోపల గుండె నుంచి పైకి పోయే గొట్టం కావల్ల" అని ముందే చెప్పి పెట్టుకోవాలి. బోటి కడిగే ముందే అడిగితే పేగుల కొవ్వు మడతల్లో ఉండే మెసెంటరిక్ ధమని కూడా దొరుకుతుంది, గోడ పలచన కాబట్టి ఆక్సిజన్ బాగా అందుతుంది. ఐసు మధ్య పెట్టిన చల్లటి క్రెబ్స్‌లో వేసుకుని ల్యాబ్‌కు తేవాలి, ఐసు ముక్క నేరుగా ధమనికి తగలకూడదు. మాంసం దుకాణాలు మూసే రోజులు, అక్టోబరు 2 లాంటివి, ముందే చూసుకుని ప్రాక్టికల్ పెట్టుకోవాలి.

ధమనిని పెట్రీ డిష్‌లో క్రెబ్స్ పోసి, చుట్టూ ఉన్న కొవ్వు తీసి, 3 మిల్లీమీటర్ల రింగులుగా అడ్డంగా కోయాలి. కొవ్వు కొన్నింటికి ఉంచి కొన్నింటికి తీయడం పనికిరాదు, ఆ కొవ్వు నుంచి వచ్చే పదార్థాలు బిగింపును తగ్గిస్తాయి. తీగను లోపలికి దూర్చేటప్పుడు లోపలి పొర, అంటే ఎండోథీలియం, రాసుకోకూడదు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జవడ్‌స్కీ కుందేలు అయోర్టా మీద తేల్చిందే ఇది: లోపలి పొర ఉంటే అసిటైల్‌కోలిన్ సడలిస్తుంది, రుద్దుకుపోతే సడలించదు. ఆ పొర నుంచి వచ్చేది నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది, 1998 నోబెల్ బహుమతి ఆ పనికే వచ్చింది.

ఎలుక అయోర్టాకు 2 గ్రాముల టెన్షన్ ఇచ్చి, 60 నుంచి 90 నిమిషాలు కుదురుకోనివ్వాలి, ప్రతి 15 నిమిషాలకు ద్రావణం మార్చాలి. మొదటి పావుగంటలో టెన్షన్ తగ్గుతూ పోతుంది, గోడలోని సాగే పదార్థం సర్దుకోవడమది, మళ్లీ 2కి తేవాలి. మేక ధమనికి ఈ అంకె పనిచేయదు. 1, 2, 3, 4, 6 గ్రాముల దగ్గర ఒక్కోసారి పొటాషియం క్లోరైడ్ వేసి, బిగింపు ఎక్కడ గరిష్ఠమైతే ఆ టెన్షన్ తీసుకోవాలి. ఆ తర్వాత పొటాషియం క్లోరైడ్ మళ్లీ మళ్లీ వేసి కడగాలి, వరుసగా రెండు స్పందనలు పది శాతం లోపు సరిపోలేదాకా. మొదటిది సాధారణంగా చిన్నదిగానే వస్తుంది, దాంతో లెక్క కట్టొద్దు.

లోపలి పొర బాగుందా అని చూడడానికి ఒక మైక్రోమోలార్ ఫినైలెఫ్రిన్‌తో బిగించి, పట్టు నిలిచాక 10 మైక్రోమోలార్ అసిటైల్‌కోలిన్ వేయాలి. ఎలుక అయోర్టా 80 శాతం పైన సడలితే పొర బాగున్నట్టు, పది శాతం లోపైతే పొర పోయినట్టు. నడుమ ఉన్నవి సగం దెబ్బతిన్నవి, పక్కన పెట్టేయాలి. ఈ పరీక్షను గుండె కరోనరీ ధమనికి గుడ్డిగా వాడొద్దు, పంది కరోనరీని అసిటైల్‌కోలిన్ బిగిస్తుంది. సడలింపు నైట్రిక్ ఆక్సైడ్‌దేనా అని రూఢి చేసుకోవడానికి నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపే ఎల్-నేమ్ 100 మైక్రోమోలార్ అరగంట ఉంచి చూస్తారు. మోతాదులు పెంచుకుంటూ పోయేటప్పుడు ముందు వేసినది బాత్‌లోనే ఉందని మరవద్దు. లోపల 10⁻⁷ మోలార్ ఉండగా 3×10⁻⁷ కావాలంటే 2×10⁻⁷ కలిపితే చాలు. ఒక ఎలుక నుంచి తీసిన నాలుగు రింగులు నాలుగు ఎలుకలు కావు. ఈ మాట ప్రతి ఏడాదీ చెప్పాల్సి వస్తోంది.

శేషాచలం మొక్కల కషాయాలతో, ఎర్రచందనం అనీ తెల్లకరక కాయ అనీ, ప్రాజెక్టులు పెట్టుకునేవారికి రెండు హెచ్చరికలు. నీళ్లలో తీసిన కషాయంలో పొటాషియం దండిగా ఉంటుంది, దాన్ని కొలవకుండా వేస్తే వచ్చిన బిగింపు పొటాషియందో మొక్కదో తేలదు. కరక జాతిలో టానిన్లు ఎక్కువ, అవి కణజాలం మీది ప్రోటీన్లను పట్టేస్తాయి. కషాయం వేసి కడిగాక పొటాషియం క్లోరైడ్ మళ్లీ పాత బిగింపు ఇవ్వకపోతే మీరు చూసింది సడలింపు కాదు, కండరం చచ్చిపోవడం.

ఇక జీవక్రియ. ఈ కండరం ఆక్సిజన్ నిండుగా అందుతున్నా గ్లూకోజ్‌లో పెద్ద భాగాన్ని లాక్టేట్‌గా మార్చేస్తుంది. 1979లో రిచర్డ్ పాల్ బృందం చూపించింది ఆ గ్లైకాలసిస్ (గ్లూకోజ్‌ను లాక్టేట్ దాకా విరిచే దారి) ప్రధానంగా కణపు పొరలోని సోడియం-పొటాషియం పంపుకు ముడిపడి ఉందని, బిగింపు ఖర్చు మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో వచ్చే ఏటీపీ నుంచి తీరుతోందని. ఒకే కణంలో రెండు వేర్వేరు ఖాతాలన్నమాట. పైగా ఏటీపీ, ఫాస్ఫోక్రియేటిన్ నిల్వలు అస్థికండరంతో పోలిస్తే చాలా తక్కువ, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. దీన్ని ఈ సెట్‌తో చూడగలరా? అరకొరగా. గ్లూకోజ్ తీసేసిన క్రెబ్స్ పోసి ఫినైలెఫ్రిన్ వేస్తే బిగింపు వెంటనే పడిపోదు, కణంలో గ్లైకోజన్, కొవ్వు ఆమ్లాలు ఉన్నాయి. 95 శాతం నైట్రోజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ వదిలితే తేడా కనిపిస్తుంది, కానీ బాత్ మూత లేకుండా తెరిచి ఉండటంతో గదిలోని ఆక్సిజన్ లోపలికి దిగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ వాడకాన్ని కొలవడం ఈ డిజైన్‌లో అసాధ్యం.

లాక్టేట్ కొలుద్దామన్నా కుదరదు, ఎందుకో లెక్క వేసి చూడండి. 5 మిల్లీగ్రాముల రింగు, నిమిషానికి గ్రాముకు 0.2 మైక్రోమోల్ చొప్పున లాక్టేట్ వదులుతుందనుకుందాం. గంటకు 0.06 మైక్రోమోల్. 10 మిల్లీలీటర్లలో అది 6 మైక్రోమోలార్, రక్తానికి తయారైన లాక్టేట్ కిట్‌కు అందనంత పలచన. పైగా ప్రతి 15 నిమిషాలకు కడిగేస్తుంటాం. అదే 100 మిల్లీగ్రాముల మేక ధమని ముక్కను 2 మిల్లీలీటర్ల ద్రావణంలో వేసి 37 డిగ్రీల వద్ద గంట ఆడిస్తే 0.6 మిల్లీమోలార్ దాకా వస్తుంది, కిట్‌కు అందుతుంది. కాబట్టి బిగింపు ఈ సెట్‌లో, లాక్టేట్ పక్కన చిన్న ట్యూబులో అని విడగొట్టుకోండి. రెండూ ఒకేసారి, ఒకే రింగులో కావాలంటే ఇంతకన్నా చాలా చిన్న గదుల పరికరం చూడాలి, ఖరీదు వేరే లోకంలో ఉంటుంది.

సర్వీసు సంగతి ఒక్క ముక్కలో: ఫోన్ ఎత్తుతారు, మనిషిని పంపరు. గాజుకు వారంటీ లేదు, పార్సిల్‌లో ద్రావణం వదిలే కాక్ దగ్గరే ఎక్కువగా విరుగుతుంది. అందుకని ఆర్డరులో ఇలా రాయించుకోండి: 10 మిల్లీలీటర్ల బాత్‌లు నాలుగు, అదనంగా ఒకటి, 25 గ్రాముల ట్రాన్స్‌డ్యూసర్లు, మైక్రోమీటర్ స్టాండ్లు, పెట్టె తెరిచిన రోజే 2 గ్రాముల రాయితో మూడు గంటల డ్రిఫ్టు పరీక్ష, 100 మిల్లీగ్రాములు దాటితే వాపసు. ఆఖరి షరతుకు ఒప్పుకోకపోతే ఆ ట్రాన్స్‌డ్యూసర్ గురించి వాళ్లకు ముందే తెలుసన్నమాట.